మంచినీళ్ల దరఖాస్తు వేరు, కాలుష్యం దరఖాస్తు వేరు: రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టకండి

చదివే మిగతావారికి కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. పటాన్‌చెరు వైపు పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న కాలనీ మీది. సుమారు నాలుగు వందల ఇళ్లు. చాలా వీధులకు నల్లా ఇంకా రాలేదు, బోర్లే ఆధారం. రెండు నెలలుగా బోరు నీళ్లు లేత పసుపు రంగులో, మందుల వాసనతో వస్తున్నాయి. రాత్రి బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి పైన జిడ్డు తెట్టు కడుతోంది. ‘శుద్ధి చేయడానికీ, ఈలోగా తాగునీటికీ ప్రభుత్వం దగ్గర డబ్బుంటుందా? ఏ ఆఫీసుకు వెళ్లినా బడ్జెట్ లేదంటున్నారు’ అని అడిగారు.

తాగునీటి పథకాల్లో ఇంజనీరుగా ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అటు కూర్చుని ఫైళ్లు చూసినవాడిగా చెబుతున్నాను: డబ్బుంది. అయితే తక్షణం మంచినీళ్లు ఇచ్చే డబ్బు ఒక ఖాతాలో ఉంటుంది, కాలుష్యాన్ని కడిగే డబ్బు వేరే ఖాతాలో ఉంటుంది. అధికారులు వేరు, చట్టాలు వేరు, పట్టే కాలం కూడా వేరు. ఆ రెండింటినీ ఒకే వినతిపత్రంలో కలిపితే రెండూ ఆగిపోతాయి.

ఇది నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట నగరం అంచున ఒక ఊరివాళ్లు ఒకే కాగితం మీద మూడు కోరికలు రాశారు: ఫ్యాక్టరీని మూయించాలి, చెరువును శుద్ధి చేయాలి, మంచినీళ్లు ఇవ్వాలి. మొదటి వాక్యం ఫ్యాక్టరీ గురించి కాబట్టి ఆ కాగితం కాలుష్యం చూసే ఆఫీసుకు వెళ్లింది. వాళ్లు నీళ్లు మా పని కాదని రాసి నీళ్ల ఆఫీసుకు పంపారు. అక్కడ కారణం తేలేదాకా అంచనా వేయలేమని రాసి వెనక్కి పంపారు. ఐదు నెలలు గడిచాయి. ఆ రోజుల్లో ఒక ముసలావిడ చీర కొంగును రెండు మడతలు వేసి బిందె మూతికి కట్టి నీళ్లు వడకడుతుంటే చూశాను. కొంగు మీద పసుపు చార తేలింది. ‘బట్టకు పట్టేసింది కదా నాయనా, ఇంక ఇవి మంచివే’ అంది. నా దగ్గర జవాబు లేదు. బట్టకు పట్టింది రంగు మాత్రమేనని ఆమెకు ఎలా చెప్పాలో తోచలేదు. చివరికి ఊరి యువకుడొకడు అదే సంగతిని రెండు కాగితాలుగా విడగొట్టి రాశాడు. నీళ్ల కాగితం మీద పది రోజుల్లో ట్యాంకర్లు వచ్చాయి.

కాబట్టి ముందు నీళ్ల సంగతి. మీ మొదటి వినతిపత్రం జిల్లా కలెక్టరుకు వెళ్లాలి. విపత్తు నిర్వహణ చట్టం 2005 కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఆయనే అధ్యక్షుడు. ఆ చట్టంలో విపత్తు అంటే వరదో తుపానో మాత్రమే అని లేదు. మనిషి చేసిన పని వల్ల పర్యావరణం దెబ్బతిని, స్థానికులు తట్టుకోలేని పరిస్థితి వచ్చినా అది విపత్తే అని సెక్షన్ 2(డి) చెబుతుంది. సెక్షన్ 50 ప్రకారం అత్యవసరమైతే టెండర్లు పిలవకుండా సరుకులూ సేవలూ కొనడానికి జిల్లా సంస్థ అనుమతి ఇవ్వవచ్చు. ‘టెండరు ప్రక్రియ పూర్తి కావాలి’ అని ఎవరైనా అంటే మర్యాదగా ఈ సెక్షన్ చూపించండి.

ఇక్కడ ఒక చిక్కుంది. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి అత్యవసర తాగునీటికి ఖర్చు పెట్టవచ్చని కేంద్రం నిబంధనల్లో ఉంది. మనలాంటి రాష్ట్రాలకు ఆ నిధిలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం వేస్తాయి. అయితే ఆ నిధి వర్తించే విపత్తుల జాబితాలో కరవు ఉంది, వరద ఉంది, పారిశ్రామిక కాలుష్యం లేదు. రాష్ట్రం తనకు ప్రత్యేకమైన విపత్తుల కోసం నిధిలో 10 శాతం వరకు వాడుకునే వెసులుబాటు ఉంది గానీ, దానికి రాష్ట్రం ముందుగా ఆ విపత్తును ప్రకటించి ఉండాలి. అందువల్ల ఆ నిధి పేరు పట్టుకుని కూర్చోకండి. చట్టం ఇచ్చిన అధికారాన్ని చూపించి, డబ్బు మాత్రం స్థానిక సంస్థ పద్దు నుంచో, నగరానికి నీళ్లిచ్చే జలమండలి నుంచో అడగండి.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన గ్రాంట్లలో పంచాయతీలకు 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. హైదరాబాద్‌లాంటి పది లక్షల జనాభా దాటిన నగర ప్రాంతాలకు ఆ కాలానికి ఇచ్చిన నిధిలో మూడింట రెండు వంతులు నీరు, పారిశుద్ధ్యానివే. ఆ డబ్బును రోడ్లకో భవనాలకో మళ్లించకూడదు. మీ స్థానిక సంస్థకు ఈ పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ‘బడ్జెట్ లేదు’ అన్న మాటకు సమాధానం చాలాసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది.

ఎంపీ స్థానికాభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు, అందులో తాగునీరు ప్రాధాన్య రంగం. బోరుకో పైపులైనుకో ట్యాంకుకో పనికొస్తుంది గానీ రోజువారీ ట్యాంకర్ ఖర్చుకు పనికిరాదు, ఎందుకంటే అది శాశ్వత ఆస్తుల కోసం ఉద్దేశించిన డబ్బు. దగ్గరలో కంకర క్వారీలు గానీ గనులు గానీ ఉండి, మీ కాలనీ వాటి ప్రభావిత ప్రాంతంలోకి వస్తే జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టును కూడా అడగండి. ఆ ట్రస్టు నిధుల్లో పెద్ద వాటా తాగునీరు, కాలుష్య నివారణ, వైద్యంలాంటి వాటికే ఖర్చు చేయాలి. దీని గురించి కాలనీ సంఘాలకు అసలు తెలియదు, అందుకే ఎవరూ అడగరు.

ఎంత నీరు అడగాలన్నది అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. నాలుగు వందల ఇళ్లకు సగటున నలుగురి చొప్పున 1,600 మంది అనుకుంటే 2,16,000 లీటర్లు అవుతుంది. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 43కు పైనే. ఆ లెక్క చూసిన ఏ అధికారైనా ఫైలు పక్కన పెడతారు. అదే తాగడానికీ వంటకూ మాత్రమే అడిగితే మనిషికి 10 లీటర్లు చాలు. ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లకు పైపుల నీళ్లు వచ్చేలోగా తాత్కాలికంగా 8 నుంచి 10 లీటర్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. మీకు రోజుకు 16,000 లీటర్లు, అంటే నాలుగు ట్యాంకర్లు. నాలుగు ట్యాంకర్లను ఒక ఇంజనీరు సాయంత్రంలోగా మంజూరు చేయించగలడు. మిగతా అవసరాలకు నల్లా లైను అంచనా వేయమని అదే కాగితంలో రెండో పేరాలో అడగండి. ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉంటే సరఫరా బాధ్యత జలమండలిది, ఫిర్యాదు నంబరు 155313. ఫోను చేసి, వచ్చిన ఫిర్యాదు సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోండి.

ట్యాంకర్ వచ్చాక ఒక పని చేయండి. పైపు తీసి సంపులో వేసేముందు ఒక గాజు గ్లాసులో నీళ్లు పట్టి, క్లోరిన్ ఉందో లేదో చూపే క్లోరోస్కోప్‌తో చూడమని డ్రైవరును గానీ లైన్‌మన్‌ను గానీ అడగండి. చుక్కలు వేయగానే లేత పసుపు తేలాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. రంగు రాకపోతే ఆ నీళ్లు తాగకండి. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు. రసాయనాల భయంలో పడి సూక్ష్మజీవులను మర్చిపోకూడదు.

మీ బోరు నీళ్ల విషయంలో మాత్రం క్లోరిన్ వేసినా, కాచి చల్లార్చినా ఉపయోగం లేదు. కాస్తే క్రిములు చస్తాయి, లోహాలు, నైట్రేట్లు మాత్రం ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉప్పులను బాగా తీస్తుంది, కొన్ని తేలికగా ఆవిరయ్యే రసాయనాలను నమ్మకంగా తీయలేదు. టీడీఎస్ మీటరులో 300 కనపడిందని ధైర్యపడకండి. అది నీటిలో కరిగిన లవణాలను మాత్రమే చూపిస్తుంది, ద్రావకాలను చూపించదు. వాసన వస్తున్న బోర్లకు ఎర్ర రంగు పూసి, పిల్లలు వాటి నీళ్లు తాగకుండా ఇంటింటికీ చెప్పండి. ఈ ఒక్క పనికి ఎవరి మంజూరూ అక్కర్లేదు.

ఇక రెండో కాగితం, కాలుష్యానిది. ఇది కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి, ఒక ప్రతి కలెక్టరుకు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. మొదటి వాక్యంలోనే జల కాలుష్య నివారణ చట్టం 1974లోని సెక్షన్ 32 పేరు రాయండి. బావిలో గానీ వాగులో గానీ విషపదార్థం చేరిందని తేలితే మండలి తానే రంగంలోకి దిగి దాన్ని తొలగించవచ్చు, నష్టం తగ్గించే పనులు చేయవచ్చు, వదిలేవారిని వెంటనే ఆపమని ఆదేశించవచ్చు. సెక్షన్ 33ఎ కింద ఫ్యాక్టరీకి కరెంటు, నీళ్లు ఆపించే అధికారం కూడా ఉంది. ఖర్చు సంగతి పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లోని సెక్షన్ 9 చెబుతుంది: ప్రమాదవశాత్తూ గానీ మరోలా గానీ హద్దుమీరి కాలుష్యం వదిలితే అధికారులు సరిదిద్దే పని చేపట్టాలి, అయిన ఖర్చును వడ్డీతో సహా భూమిశిస్తు బకాయిలా వసూలు చేసుకోవాలి. అంటే ప్రభుత్వం ముందు పెట్టాలి, తర్వాత రాబట్టుకోవాలి.

ముందు ప్రభుత్వమే పెట్టాలని నేను పట్టుబట్టడానికి కారణం రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ. ఉదయపూర్ దగ్గర ఆ ఊళ్లో హెచ్-యాసిడ్ అనే రంగుల రసాయనం తయారుచేసిన ఫ్యాక్టరీలు బావుల నీళ్లను తాగడానికి పనికిరాకుండా చేశాయి. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, శుద్ధికి 37 కోట్లకు పైగా లెక్కతేలింది. కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోయింది. 2011లో కోర్టు 12 శాతం చక్రవడ్డీతో కట్టమనాల్సి వచ్చింది. పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లూ బావులు అలాగే ఉన్నాయి. దోషి ఎవరో తేలాక శుద్ధి మొదలుపెడదామని ఎవరన్నా ఒప్పుకోకండి.

మన దగ్గరి కథ అంతకన్నా పాతది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరా వైపు పారుతున్నాయని 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఇక్కడి డాక్టరు అల్లాని కిషన్ రావు గారు జీవితమంతా ఈ పోరాటానికే ఇచ్చారు. కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. శుద్ధి కేంద్రం కట్టడానికి డబ్బు దొరికింది, అది ఏం శుద్ధి చేస్తోందో వరుసగా పరీక్షించడానికి మాత్రం దొరకలేదు. మన రాష్ట్రంలో కాలుష్యానికి ఖర్చయ్యే ప్రభుత్వ ధనం గురించి నా బాధ అంతా ఇదే. కట్టడానికి ఇస్తారు, కొలవడానికి ఇవ్వరు.

అందుకే మీరు మొదట శుద్ధికి నిధులు అడగకండి. స్థల పరిశోధనకు అడగండి. భూగర్భంలో ఏ రసాయనం ఉంది, ఎంత లోతున ఉంది, ఏ వైపు కదులుతోంది అని తెలియకుండా వేసే అంచనా గాలిలో వేసినట్టే. నాలుగైదు పరిశీలన బోర్లు వేసి, వానలకు ముందూ తర్వాతా నమూనాలు తీయాలి. భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేసే పనికి ఏళ్లు పడుతుంది, పైనుంచి కారడం ఆగనిదే అది కూడా వృథా.

దీనికి ఇప్పుడు గట్టి ఆధారం దొరికింది. కలుషిత స్థలాల నిర్వహణ కోసం కేంద్రం 2025 జులైలో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రాష్ట్ర మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, తర్వాత మూడు నెలల్లో వివరమైన సర్వే చేయించాలి. ప్రమాదకర రసాయనాలు హద్దు దాటితే దాన్ని కలుషిత స్థలంగా ప్రకటించి శుద్ధి ప్రణాళిక వేయించాలి. కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలి. వారు కట్టలేని స్థితిలో ఉంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. ఈ నిబంధనలు వచ్చేనాటికి దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తించి, ఏడింటిలో మాత్రమే పని మొదలుపెట్టారు. మీ కాలనీ ఆ జాబితాలోకి రావాలంటే జిల్లా నుంచి వెళ్లే తర్వాతి నివేదికలో పేరుండాలి. మీ రెండో వినతిపత్రంలోని అసలు కోరిక అదే. ‘మా ప్రాంతాన్ని అనుమానిత కలుషిత స్థలంగా నివేదికలో చేర్చండి’ అని ఒక్క వాక్యం.

హైదరాబాద్‌లో ఇలాంటి పని అసలు జరగలేదని కాదు. కాటేదాన్ పారిశ్రామికవాడ వ్యర్థాలతో నిండిన నూర్ మహమ్మద్ కుంటను 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన ప్రాజెక్టులో నమూనా స్థలంగా తీసుకున్నారు. అంటే పద్ధతి తెలిసిన మనుషులు ఇక్కడే ఉన్నారు. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మట్టి, నీటిలో భార లోహాలపై ఏళ్ల తరబడి పనిచేశారు. మీ విన్నపంలో ఆ అధ్యయనాల ప్రస్తావన ఉంటే ఫైలు బరువు పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. మీరు గొడవ చేయడం మొదలుపెట్టగానే పక్క ఫ్యాక్టరీ నుంచి ఎవరో వచ్చి, సామాజిక బాధ్యత నిధులతో ఉచితంగా ఆర్‌ఓ ప్లాంటు పెట్టిస్తామంటారు. కాలనీలో సగం మంది సంతోషిస్తారు. వద్దని నేను అనను, దాహం వేసినవాడికి నీతులు చెప్పకూడదు. కానీ ఆ ప్లాంటును నష్టపరిహారంగా గానీ రాజీగా గానీ ఒప్పుకుంటూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చట్టప్రకారం తప్పనిసరిగా చేయాల్సిన పనిని సామాజిక బాధ్యత ఖర్చుగా చూపకూడదని కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. తాను పాడుచేసిన నీటికి బదులు నీళ్లివ్వడం దానం ఎలా అవుతుంది?

ఇప్పుడు నమూనా సంగతి, ఎందుకంటే రెండు కాగితాలూ దాని మీదే నిలబడతాయి. బోరును పది నిమిషాలు నడవనివ్వండి, పైపులో నిలిచిన నీళ్లు పోవాలి. ముదురు గోధుమరంగు గాజు సీసాను అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించండి, లేకపోతే ఆవిరయ్యే రసాయనం సీసాలోనే ఎగిరిపోతుంది. క్రిముల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే శుద్ధి చేసిన సీసా వేరు, దాని మూత లోపల వేలు తగలకూడదు. సీసా మీద తేదీ, సమయం, ఇంటి గుర్తు, బోరు లోతు రాసి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు చేర్చండి. సాధారణ పరీక్షలతో పాటు సీసం, ఆర్సెనిక్, క్రోమియం, ఫినాల్, ఆవిరయ్యే కర్బన రసాయనాలు అడగండి. మందుల వాసనకు ఫినాల్ కూడా ఒక కారణం కావచ్చు, తాగునీటిలో దానికి ఆమోదయోగ్యమైన హద్దు లీటరుకు 0.001 మిల్లీగ్రాములే. మీరు చేయించిన పరీక్ష అధికారులను కదిలించడానికి. ఫ్యాక్టరీ మీద కేసు నిలబడాలంటే మాత్రం మండలి అధికారి జల కాలుష్య నివారణ చట్టం సెక్షన్ 21 ప్రకారం తీసిన నమూనా కావాలి. వారు వచ్చిన రోజు మీలో ఇద్దరు దగ్గరుండి చూడండి.

అధికారులు కదలకపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది, మన దరఖాస్తులు చెన్నై బెంచికి వెళ్తాయి. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. మురుగు, చెత్త నిర్వహణలో లోపాలకు 2022 అక్టోబరులో ఈ ట్రైబ్యునల్ తెలంగాణకు 3,825 కోట్లు విధిస్తూ, ఆ డబ్బును విడి ఖాతాలో ఉంచి శుద్ధి పనులకే వాడాలని చెప్పింది. ఇంకో తీర్పు కూడా గుర్తుంచుకోండి. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ల ఎగువన ఒక రసాయన పరిశ్రమ పెట్టే విషయంలో ఎం.వి.నాయుడు కేసు నడిచింది. తాగునీటి వనరుల దగ్గర పరిశ్రమలపై ఉన్న నిషేధం నుంచి ప్రభుత్వం మినహాయింపు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో తేల్చింది. తాగునీరు జీవించే హక్కులో భాగమని వాదించడానికి మన నగరం చెరువుల గురించే వచ్చిన తీర్పు అది.

ట్రైబ్యునల్లో పరిహారం, పునరుద్ధరణ అడగడానికి, అందుకు కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఐదేళ్లే గడువు. కాబట్టి ఈ ఆదివారం కాలనీ సమావేశంలో వినతిపత్రాల కన్నా ముందు ఒక నోటుపుస్తకం తెరవండి. మొట్టమొదట ఏ ఇంటి బోరులో రంగు కనిపించింది, ఎవరు చూశారు, ఏ రోజు అని అడిగి, ఆ మనిషి మాటల్లోనే రాసి, కింద సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోండి.